అత్తగారి పిల్లికి సామాను చీటీ

విమానాశ్రయంలో దారితప్పిన సామాన్ల గదిని చూసుకునే ఆయన్ని అందరూ చీటీలాయన అంటారు. గది అంటే పెద్ద వైభోగమేమీ లేదు. కిటికీ లేని నాలుగు గోడలు, ఐదంతస్తుల ఇనుప అరలు, తిరిగినప్పుడల్లా మూలిగే ఒక ఫ్యాను, జనం మోచేతులు ఆనీ ఆనీ రంగు వెలిసిపోయిన ఒక కౌంటరు. ఆ కౌంటరు వెనక ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన.

పెట్టె పోయిందని పరుగెత్తుకొచ్చిన వాళ్ళు మొట్టమొదట చెప్పేది రంగు. "నల్లపెట్టండీ, నల్లగా ఉంటుంది" అంటారు, అదేదో లోకంలో ఒక్కటే ఉన్నట్టు. ఆయన ఓపిగ్గా వింటాడు. "నల్లవి నా దగ్గర మూడువందలున్నాయమ్మా. చక్రాల సంగతి చెప్పండి" అంటాడు. చక్రం అరిగిన తీరు చూసి ఆ పెట్టె యజమాని కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా, నిదానమా, కంగారు మనిషా చెప్పేయగలడు. ఒకసారి ఒక చక్రాన్ని చూసి, ఆ పెట్టెగలావిడకి మోకాళ్ళ నొప్పులని చెప్పాడట. ఆవిడ వచ్చాక అడిగితే నిజమేనట. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఆ పేరు ఆయనకి ఎందుకొచ్చిందో చెప్పాలి. పెట్టె పిడికి చుట్టే కాగితపు చీటీ ఉంటుంది కదా, అందులోని గీతలను యంత్రం చదివి పెట్టెను ఏ విమానానికి పంపాలో నిర్ణయిస్తుంది. పెట్టె ఊరు చేరాక ఆ పాత చీటీ చింపేయాలి. చింపకపోతే వచ్చే ప్రయాణంలో యంత్రం పాతదాన్ని చదివి, పెట్టెను పాత ఊరికే పంపేస్తుంది. మూడు పాత చీటీలున్న పెట్టె ఒకటి మూడు ఊళ్ళ మధ్య పదకొండు నెలలు తిరిగిందనీ, అది ఇంటికొచ్చేసరికి దాని యజమాని ఉద్యోగం నుంచి రిటైరైపోయాడనీ చీటీలాయన చెబుతాడు. అందుకని కంటపడిన ప్రతి పాత చీటీనీ ఆయన చింపేస్తాడు. ఆ కాగితం మామూలుది కాదు. ఇద్దరు పహిల్వాన్లు చెరోవైపు లాగినా తెగదు. దానికొక కిటుకుంది: బొటనవేలితో నొక్కి, మణికట్టు ఎడమకి తిప్పాలి. టప్పున తెగుతుంది. తెగిన చీటీ కుడిజేబులోకి, జేబు నిండాక గది మూలనున్న చిత్తుకాగితాల గోనెలోకి.

ఏళ్ళ తరబడి అదే పని చేస్తే చెయ్యి మనిషిని అడగడం మానేస్తుంది. భార్య కొత్త కోటు కొనుక్కుని, నచ్చకపోతే తిరిగిచ్చేద్దామని దాని చీటీ జాగ్రత్తగా ఉంచుకుంటే, ఆయన చెయ్యి చింపేసింది. అంతవరకు ఫరవాలేదు. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రిలో పాపను ఒళ్ళో పెట్టగానే, పసిదాని చేతికి తల్లిపేరు రాసి కట్టిన పట్టీని కూడా టప్పున చింపేశాడు. అప్పుడా గదిలో పదకొండు మంది పసిపిల్లలున్నారు. నర్సులు పరుగులు పెట్టారు. ఇదంతా అత్తగారి కళ్ళముందే జరిగింది.

ఆ రోజు నుంచి ఇరవై ఆరేళ్ళుగా అత్తగారు అల్లుడి చేతికి గొడుగైనా పట్టుకోమని ఇవ్వలేదు.

"ఆయన చేతికి పిల్లనిచ్చాం, అంతటితో చాలు" అనేది.

* * *

ఈమధ్య ప్రయాణికులు పెట్టెల్లో ట్రాకర్ బిళ్ళలు వేసుకొస్తున్నారు. చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. మొదట్లో చీటీలాయనకి అవంటే చిరాకే. ఒకావిడ వచ్చి కౌంటరు మీద ఫోను పెట్టి, "నా పెట్టె సరిగ్గా మీ వెనకే, మూడో అరలో ఉంది, లేవండి" అంటే ఎవరికైనా చిరాకే. అయితే వెనక్కి తిరిగి చూస్తే అది నిజంగానే మూడో అరలో ఉంది. అప్పటినుంచి ఆయనకి దాని మీద మనసైంది.

దాని గుట్టు కూడా త్వరగానే పట్టేశాడు. బిళ్ళకి సొంత బలం లేదు. అది సన్నగా ఒక కేక వేస్తూ ఉంటుంది. దగ్గర్లో ఎవరి ఫోనున్నా ఆ కేక విని, ఇదిగో ఇక్కడుంది అని దాని యజమానికి చేరవేస్తుంది. చుట్టుపక్కల ఫోనే లేకపోతే అది ఎంత అరిచినా వినేవాడుండడు.

ఒకరోజు ఒక పెద్దమనిషి లబోదిబోమంటూ వచ్చాడు. "నిన్నటి నుంచి నా బిళ్ళ పలకడం లేదండీ. పెట్టెను ఎవరో ఎత్తుకెళ్ళి తగలబెట్టేశారు!"

"తగలబెట్టరండీ, కూర్చోండి. ఫోన్లు లేని చోట ఉందన్నమాట. మా దగ్గర అలాంటిది ఒక్కటే. సామాన్లు వేరుచేసే హాల్లోకి పనివాళ్ళు ఫోన్లు తీసుకెళ్ళకూడదు, బయట అరలో పెట్టి వెళ్ళాలి." హాల్లోని ల్యాండ్‌లైనుకి ఒక్క ఫోను చేసి, ఐదు నిమిషాల్లో బెల్టు కింద పడున్న పెట్టెను తెప్పించాడు.

* * *

ఇలా ఉండగా అత్తగారికి పెద్దకూతురి ఇంటికి వెళ్ళాల్సిన పని పడింది. ఆదివారం వెళ్ళి గురువారం సాయంత్రం ఆరు గంటల రైలుకి తిరిగిరావాలి. చిక్కు ఏమిటంటే ఆవిడకొక పిల్లి ఉంది. బూడిదరంగు గండుపిల్లి, నాలుగు వాకిళ్ళ అవతల నుంచి కూడా కనబడేంత పొట్ట. పేరు జమీందారు. పొద్దున తొమ్మిదింటికి భోజనం. తొమ్మిదీ ఐదు అయితే గిన్నెను కాలితో తన్నేస్తుంది. ఎప్పుడూ దాన్ని చూసుకునే పక్కింటావిడ ఇల్లు మారిపోయింది. చిన్నకూతురికి, అంటే చీటీలాయన భార్యకి, పిల్లి ఆమడ దూరంలో ఉన్నా తుమ్ములే.

అత్తగారు రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు బుట్టలో పిల్లిని పెట్టుకుని అల్లుడింటికి వచ్చింది.

"అల్లుడుగారూ, వేరే దిక్కులేక అడుగుతున్నాను. గొప్పగా అనుకోకండి."

"అనుకోనండీ అత్తయ్యగారూ."

"నాలుగు రోజులు. వీడు నాకు ఎలా ఇచ్చానో అలా కావాలి."

"నా ఉద్యోగమే అది కదండీ."

"అదే నా భయం" అంది అత్తగారు, కానీ బుట్ట ఇచ్చింది. బుట్ట పిడిని చీటీలాయన రెండు చేతులతో అందుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆవిడ ఆయన చేతికి ఒక వస్తువిచ్చింది, అదీ ప్రాణమున్నది. ఈ నాలుగు రోజులు సవ్యంగా గడిస్తే చాలు, ఇక తనకేమీ అక్కర్లేదనుకున్నాడు.

కూతురు ఒక ట్రాకర్ బిళ్ళ కొనుక్కొచ్చి ఆయన ఫోనుకి జత చేసింది. "దీని మెడకి కట్టండి నాన్నా. ఎక్కడికెళ్ళినా మీకు తెలిసిపోతుంది."

దుకాణంలో దొరికే తోలు పట్టీని జమీందారు మెడ దగ్గరకే రానివ్వలేదు. చీటీలాయన ఆలోచించి, ఆఫీసు నుంచి కొత్త సామాను చీటీ ఒకటి తెచ్చాడు. మెత్తగా ఉంటుంది, గుచ్చుకోదు, ఎంత లాగినా తెగదు. బిళ్ళను దానిమధ్య పెట్టి మెడచుట్టూ వదులుగా అంటించాడు. జమీందారు ఏమీ అనలేదు. విమానం ఎక్కడానికి సిద్ధమైన పెట్టెలా హుందాగా నడిచి వెళ్ళిపోయింది.

ఆఫీసులో గంటగంటకీ ఫోను తెరిచి, పిల్లి ఎక్కడుందో చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. తొమ్మిది: ఇల్లు. పదకొండు: మూలమీది బేకరీ. ఒంటిగంట: బేకరీ వెనక. రెండు నుంచి నాలుగు: పలకలేదు. ఐదు: ఇల్లు. మూడు రోజులూ అంతే.

* * *

గురువారం పొద్దున ఏం జరిగిందో ఊళ్ళో అందరికంటే ఆఖరున తెలిసింది చీటీలాయనకే.

ఎనిమిదింటికి యూనిఫాం వేసుకుని, ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని పేపరు చదువుతున్నాడు. వీధి షికారు ముగించుకుని వచ్చిన జమీందారు దబ్బున ఒళ్ళోకి దూకింది. ఆయన కళ్ళు పేపరు వదల్లేదు. ఖాళీ చెయ్యి మాత్రం వచ్చిన సరుకు మెడ నిమిరింది. చీటీ తగిలింది. సరుకు ఇల్లు చేరింది, చీటీ పాతది. బొటనవేలు నొక్కింది, మణికట్టు ఎడమకి తిరిగింది. టప్. కుడిజేబులోకి వెళ్ళిపోయింది. ఆయన పేజీ తిప్పాడు. పిల్లి దిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆఫీసుకి వెళ్ళగానే అలవాటు ప్రకారం జేబు గోనెలో దులిపేశాడు. ఆ పొద్దున కౌంటరు దగ్గర జనం విరగబడటంతో ఫోను తెరిచి పిల్లిని చూసుకునే తీరిక దొరకలేదు.

పదకొండింటికి భార్య ఫోను చేసింది.

"ఏమండీ, పిల్లి తొమ్మిదింటి భోజనానికి రాలేదు. గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. పొద్దున్నుంచీ ఒక్క తుమ్మయినా రాలేదు నాకు!"

చీటీలాయన కుర్చీలోంచి లేచాడు. ఫోను తెరిచి చూశాడు. జమీందారు విమానాశ్రయంలో ఉంది.

"ఇక్కడికొచ్చేశాడే! నా స్కూటరు వెనక ఎక్కేసి ఉంటాడు!"

"మీ వెనక ఎక్కి కూర్చుంటే ఆ బరువుకి మీకు తెలియదా?"

ఆయన వినిపించుకోలేదు. బల్లకింద చూశాడు, అరలన్నీ చూశాడు, మూడువందల నల్లపెట్టెల మధ్య "జమీందారూ, జమీందారుగారూ" అని మర్యాదగా పిలిచాడు. గోనెలు అప్పటికే పెరట్లోకి వెళ్ళిపోయాయి కాబట్టి వాటి వంక ఎవరూ చూడలేదు. ఇంతలో ఫోనులోని చుక్క కదిలింది. గేటు దాటింది. పెద్దరోడ్డెక్కింది. వేగం పుంజుకుంది.

పరుగెత్తి వెళ్ళి గేటు దగ్గర అడిగితే, ఇప్పుడే బయటికెళ్ళింది చిత్తుకాగితాల లారీ ఒక్కటేనన్నారు. ఎక్కడికి? కాగితపు మిల్లుకి. అక్కడ ఆ కాగితాన్ని ఏం చేస్తారు? ముక్కలు చేసి, నీళ్ళలో వేసి, గుజ్జు చేస్తారు.

చీటీలాయన స్కూటరు దగ్గరికి పరుగెత్తాడు, ఎంత తన్నినా అది కదల్లేదు.

దొరికిన పెట్టెలను ఇళ్ళకు చేర్చే వ్యాను ఒకటుంది. దాని డ్రైవరు పేరు తాబేలు. పెట్టెలు కుదుపుకి దెబ్బతింటాయని ఇరవై ఏళ్ళుగా గంటకి ముప్ఫై కిలోమీటర్లు దాటి నడిపిన మనిషి కాదు. ఆ సమయానికి దొరికింది ఆయనే.

"తొక్కవయ్యా బాబూ, తొక్కు! లారీ వెళ్ళిపోతోంది!"

"తొక్కుతూనే ఉన్నాగా అన్నా."

"మనల్ని ఇప్పుడే ఒక సైకిలు దాటిపోయింది!"

"వాడికి లోడు లేదన్నా."

ఆ దారి పొడుగునా చీటీలాయన కళ్ళముందు అత్తగారే. రైలు దిగుతుంది. బుట్ట ఏదీ అంటుంది. గుజ్జయిపోయిందండీ అని ఏ నోటితో చెప్పాలి? భార్య మళ్ళీ ఫోను చేసి రహస్యంగా, "ఏమండీ, బజార్లో పిల్లుల దుకాణం ఉంది. అచ్చం ఇలాంటిదే బూడిదరంగుది..." అంది.

"నోరు ముయ్యి! ఒకరి సామాను బదులు ఇంకొకరి సామాను ఇవ్వడం ఈ జన్మలో చెయ్యలేదు. ఇవాళ మొదలెట్టను."

* * *

మిల్లు పెరట్లో కాగితం కొండలా పోసి ఉంది. ఒక పక్క నుంచి బెల్టు ఆ కొండను కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ యంత్రంలోకి తోస్తోంది. ఫోనులో చుక్క సరిగ్గా ఆ కొండ మీదే ఉంది.

"ఆపండి! ఆపండి! లోపల ప్రాణముంది!"

మిల్లు సూపర్‌వైజరు ఒక నడివయసావిడ. నెత్తిమీద టోపీ, చెవుల్లో దూది. నోటి కదలిక చూసే విషయం గ్రహించి ఎర్ర బొత్తాం నొక్కింది. యంత్రం ఏడుస్తూ ఆగింది. ఊళ్ళో ఆ యంత్రం పట్టపగలు ఆగడం అదే మొదటిసారట. ఎదురుగా ఉన్న పావురాలు కూడా లేచి చూశాయట.

"ఎవరున్నారు లోపల?"

"జమీందారుగారండీ!"

ఆవిడ మొహం పాలిపోయింది. ఎనిమిది మంది కొండెక్కి చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆవిడ అనుమానంగా అడిగింది.

"వయసెంతుంటుంది?"

"ఏడేళ్ళు."

"అయ్యో, పసివాడా!"

"కాదండీ, గండుపిల్లి."

తవ్వేవాళ్ళు తవ్వడం ఆపి ఆయన వంక చూశారు. ఆవిడ చీటీలాయన మొహం చూసింది. "తవ్వండి" అంది.

ఫోనులో బిళ్ళను మోగించాడు. కొండలో ఎక్కడో కీచుమని సన్నగా పలికింది. చేతులన్నీ అటు తిరిగాయి. గోనె ఒకటి బయటపడింది. చింపి బోర్లిస్తే చీటీల మధ్యలోంచి బిళ్ళ జారి పడింది, మెడకి కట్టిన కాగితంతో సహా. పిల్లి మాత్రం లేదు.

"పాపం, తెంపుకుని పారిపోయినట్టుంది" అంది సూపర్‌వైజరు.

చీటీలాయన ఆ కాగితాన్ని వేళ్ళమధ్య తిప్పి చూశాడు. పిల్లి తెంపితే అంచు పీచుపీచుగా ఉండాలి. ఇది అలా లేదు. బొటనవేలి నొక్కు, ఎడమవైపు మెలిక, శుభ్రమైన తెగింపు. ఆ తెగింపు ఆయనకి తన సంతకం కంటే బాగా తెలుసు.

కాగితపు మోపు మీద కూలబడిపోయాడు.

"నేనే" అన్నాడు. "నేనే చింపేశాను."

యంత్రాన్ని మళ్ళీ నడిపించే ముందు ఆవిడ ఆయనకి మంచినీళ్ళిచ్చి, పక్కన కూర్చుంది. "సరే, ఎప్పుడు చివరిసారి చూశారు? ఎక్కడెక్కడ తిరుగుతుంది?" అని అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తను అందరినీ అడిగే ప్రశ్నలు తననే ఎవరో అడుగుతుంటే, చీటీలాయనకి మొదట కంగారు పుట్టింది. తర్వాత బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

రెండు నుంచి నాలుగు: పలకలేదు. రెండు నుంచి నాలుగు: పలకలేదు. మూడు రోజులూ.

"ఫోన్లు లేని చోటుకి వెళ్తున్నాడు" అన్నాడు నెమ్మదిగా. "మా వీధుల్లో ఫోను లేనిదెవరికండీ? బేకరీవాడికి రెండున్నాయి. పాలవాడికుంది, టైలరుకుంది..." అని ఒక్కసారి లేచి నిలబడ్డాడు. "మా అత్తగారికి లేదు!"

అత్తగారికి సెల్‌ఫోను గిట్టదు. ఆవిడ ఇల్లు పక్కవీధి చివర, తోట మధ్యలో, చుట్టూ ఇంకో ఇల్లు లేకుండా ఉంటుంది. జమీందారు రోజూ మధ్యాహ్నం తన సొంతింట్లో నిద్రపోవడానికి వెళ్తోందన్నమాట! ఇవాళ పొద్దున్నే వెళ్ళి, ఇంకా తిరిగిరాలేదు.

* * *

తాబేలు వ్యాను అత్తగారి గేటు చేరేసరికి ఐదుంబావు. తలుపుకి తాళం. చీటీలాయన ఇంటిచుట్టూ తిరిగి పడగ్గది కిటికీ అద్దానికి మొహం ఆనించి చూశాడు. అత్తగారి మంచంమీద, అత్తగారి శాలువాలో, జమీందారు చుట్టచుట్టుకుని ఉంది.

"జమీందారూ!"

కదల్లేదు. అద్దం మీద కొట్టాడు. చెవి కూడా ఆడించలేదు. పొద్దున్నుంచి తిండి లేదు. ఏదైనా తినకూడనిది తిందేమో, అసలు ఊపిరి ఉందో లేదో అని ఆయనకి చెమట పట్టింది. పిల్లి రాకపోకల కోసం అత్తగారు తెరిచి ఉంచే వంటింటి చిన్నకిటికీ ఒక్కటే దారి. పూలకుండీ ఎక్కి తల దూర్చాడు. తల పట్టింది. భుజాలు పట్టాయి. పొట్ట పట్టలేదు. బెల్టు కొక్కెం కిటికీ గడియకి తగులుకుని, అటూ కాదు ఇటూ కాదు అన్నట్టు ఆగిపోయాడు. ఫోను ఉన్న జేబు బయట, చేతులు లోపల. తాబేలు అప్పటికే వ్యానుతో వెళ్ళిపోయాడు, అదీ వేగంగా.

ఆ చప్పుడుకి జమీందారు లేచి, ఒళ్ళు విరుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. గోడలోంచి మొలిచిన ఆయన తలను చూసి, ఎదురుగా కూర్చుని మూతి కడుక్కోవడం మొదలుపెట్టింది. చీటీలాయనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆరున్నరకి వీధితలుపు తాళం తీసిన చప్పుడైంది. అత్తగారు, ఆవిడ వెనక పెట్టె మోసుకుంటూ చిన్నకూతురు. వంటింటి గుమ్మంలో ఇద్దరూ ఆగిపోయారు.

"అల్లుడుగారూ" అంది అత్తగారు.

"అత్తయ్యగారూ. ప్రయాణం బాగా జరిగిందా అండీ?"

"జరిగింది. మీదే మధ్యలో ఆగినట్టుంది."

భార్య తల్లి వెనక నిలబడి, రెండు తుమ్ముల మధ్య, చెప్పొద్దు చెప్పొద్దని సైగలు చేసింది. పిల్లి కళ్ళముందే ఉంది, చక్కగా ఉంది. ఆడుకుంటూ లోపలికి వచ్చేసిందంటే సరిపోతుంది. చీటీలాయన ఆ సైగలన్నీ చూశాడు. చూసి, పొద్దున టీ కప్పు దగ్గర్నుంచి మిల్లు దాకా, మిల్లు దగ్గర్నుంచి పూలకుండీ దాకా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. తన చెయ్యే చింపిందని రెండుసార్లు చెప్పాడు.

అత్తగారు వింటూనే దారిలో కొన్న పాల ప్యాకెట్టు కత్తిరించింది. జమీందారుకి గిన్నెలో పాలు పోసింది. పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇవన్నీ మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"తెలిసేది కాదండీ."

"మరి ఎందుకు చెప్పారు?"

"సామాను దొరికిందని చెప్పేటప్పుడు, ఎలా పోయిందో కూడా చెప్పాలి అత్తయ్యగారూ. లేకపోతే మళ్ళీ అలాగే పోతుంది."

అత్తగారు వంగి జమీందారు వీపు నిమిరింది.

"పెద్దది వచ్చేనెల మళ్ళీ రమ్మంటోంది. ఈసారి పది రోజులు."

"వెళ్ళి రండి" అన్నాడు చీటీలాయన నీరసంగా. పిల్లిని ఎవరికి అప్పగిస్తారని అడిగే ధైర్యం లేకపోయింది.

"వీడికి మీ ఇంట్లో నిద్రపట్టడం లేదని తేలిందిగా. మీ ఇంటికి పంపను. మీరే ఇక్కడికి రండి, పొద్దునా సాయంత్రం." అత్తగారు చేతిసంచీలోంచి తాళంచెవి తీసి, లోపల వేలాడుతున్న ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "అటువైపు తలుపుంది, ఇరవై ఆరేళ్ళుగా ఉంది. అందులోంచి రండి."

తర్వాత తల్లీకూతుళ్ళు తోటలోకి వెళ్ళి చెరో కాలూ పట్టుకుని లాగారు. మూడో గుంజుకి బెల్టు తెగి, చీటీలాయన పూలకుండీల మధ్య దబ్బున పడ్డాడు. లేచి మన్ను దులుపుకునేసరికి వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని ఇల్లు చుట్టి వీధివైపు వచ్చాడు. తలుపు వేసి ఉంది, దాని తాళం కూడా పడింది. లోపలి నుంచి భార్య తుమ్ములు వినిపిస్తున్నాయి, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. తలుపు తట్టాడు. ఎవరూ రాలేదు.

కాసేపటికి ఆయనకి అర్థమైంది. పిడికిలి విప్పి, తాళంచెవి దూర్చి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు.